గత జన్మల సెషన్, శక్తి చికిత్స: ఆ గదిలో ఏం జరుగుతుంది, ఏది నమ్మాలి

గత జన్మలోకి తీసుకువెళ్తామని చెప్పే పద్ధతిని పాస్ట్ లైఫ్ రిగ్రెషన్ అంటారు. మనిషిని గాఢమైన విశ్రాంతిలోకి దింపి, మాటలతో వెనక్కి నడిపిస్తారు. బాల్యం దాటించి, తల్లి గర్భం దాటించి, ఈ పుట్టుకకు ముందు గడిచిందని తోచే జీవితాన్ని మనసులో చూసేలా చేస్తారు. శక్తి చికిత్స, అంటే ఎనర్జీ హీలింగ్, దారి వేరు. చేతులు తాకించి గానీ, ఒంటికి కాస్త దూరంలో ఉంచి గానీ ప్రాణశక్తిని సరిచేస్తామని హీలర్లు చెబుతారు. రేకీ, ప్రాణిక్ హీలింగ్ ఈ కోవలోవే. ఈ రెండు రకాల సేవలూ తరచు ఒకే కేంద్రంలో, ఒకే మనిషి దగ్గర దొరుకుతాయి. నిద్ర పట్టనివారు, కారణం తెలియని భయం వెంటాడేవారు, అయినవాళ్ళను పోగొట్టుకున్నవారు, ఎన్ని దవాఖానలు తిరిగినా నొప్పి తగ్గనివారు వీటి గురించి వాకబు చేస్తుంటారు. అలాంటివారికి ముందుగా తెలియాల్సినవి మూడు. ఆ గదిలో వరుసగా ఏం జరుగుతుంది? అక్కడ కనిపించినదానికి ఎంత విలువ ఇవ్వాలి? ఎక్కడ ఆగాలి?

నిజామాబాద్ ప్రాంతానికి ఈ ఆలోచనలు పరాయివి కావు. చెరుకు తోటల మధ్య పెరిగిన బోధన్ పట్టణంలో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన శక్కర్‌నగర్‌లో 1947 నవంబరు 11న సుభాష్ పత్రి పుట్టారు. వ్యవసాయ శాస్త్రం చదివి, ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ ధ్యానం వైపు మళ్ళిన ఆయన 1990లో కర్నూలులో ఒక ఆధ్యాత్మిక సంఘం స్థాపించారు. అదే తర్వాత పిరమిడ్ స్పిరిచ్యువల్ సొసైటీస్ మూవ్‌మెంట్‌గా తెలుగు నేలంతా విస్తరించింది. శ్వాస మీద ధ్యాస, పిరమిడ్ శక్తి, శాకాహారం, పునర్జన్మ ఆ ఉద్యమంలో కలిసి నడిచిన భావాలు. ధ్యానంలో ఎవరి గత జన్మలు వారే తెలుసుకోగలరన్న బోధ ఊరూరా జరిగిన ధ్యాన తరగతుల ద్వారా సామాన్యులకు చేరింది. బెంగళూరు దగ్గర మైత్రేయ బుద్ధ పిరమిడ్, హైదరాబాద్‌కు దక్షిణాన కడ్తాల్‌లో మహేశ్వర మహాపిరమిడ్ ఈ ఉద్యమం కట్టినవే. పత్రి 2022 జూలై 24న కడ్తాల్‌లో కన్నుమూశారు. హైదరాబాద్‌లో న్యూటన్ కొండవీటి, లక్ష్మి అనే వైద్య దంపతులు లైఫ్ రీసెర్చ్ అకాడమీ స్థాపించి రిగ్రెషన్‌లో శిక్షణ ఇస్తూ వచ్చారు. జిల్లాల్లో ఈ పద్ధతి పేరు వినిపించడానికి అలాంటి శిక్షణలు కూడా ఒక కారణం.

ఈ బోధలు పడిన నేలలో అంతకుముందే ఎన్నో నమ్మకాలున్నాయి. దిష్టి తీయడం, తాయెత్తు కట్టించుకోవడం, శివసత్తుల పూనకం, సోది చెప్పించుకోవడం ఇక్కడి పల్లెలకు తరతరాలుగా తెలిసినవే. కోరిక తీరాలని, జబ్బు నయం కావాలని మతభేదం లేకుండా వర్ని దగ్గరి బడాపహాడ్ దర్గాకు వెళ్తారు. ఆర్మూర్ నవనాథ సిద్ధుల గుట్ట యోగుల తపస్సును గుర్తు చేస్తుంది. పూర్వజన్మ స్మృతి ఉన్నవారిని జాతిస్మరులని మన పురాణాలు పిలిచాయి. పతంజలి యోగసూత్రాల మూడో పాదం, సంస్కారాలను సాక్షాత్కరించుకుంటే పూర్వజన్మ జ్ఞానం కలుగుతుందని చెబుతుంది. బుద్ధుడి పూర్వజన్మలే జాతక కథలు. అయితే ఆ సంప్రదాయాలలో ఈ జ్ఞానం దీర్ఘకాల సాధనకు ఫలం. రెండు మూడు గంటలలో, మరొకరు అడిగే ప్రశ్నల సాయంతో, ఫీజు చెల్లించి పొందే దర్శనం అక్కడ లేదు. ఇప్పటి సెషన్‌కు మూలం యూరప్, అమెరికాలలో పెరిగిన హిప్నాటిజం.

ఆ చరిత్ర 1778లో పారిస్ చేరిన ఫ్రాంజ్ మెస్మర్‌తో మొదలవుతుంది. విశ్వమంతా వ్యాపించిన ఒక అయస్కాంత ద్రవం మనిషిలో సరిగా ప్రవహించకపోతే జబ్బులు వస్తాయని, దాన్ని తన చేతులతో సరిచేస్తానని ఆయన ప్రకటించాడు. 1784లో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ ఒక విచారణ సంఘం వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోజియే ఉన్నారు. శక్తి నింపామని చెప్పిన చెట్టును గుర్తుపట్టమని కళ్ళకు గంతలు కట్టిన ఒక బాలుణ్ణి తోటలోకి వదిలితే, శక్తి నింపని చెట్టు దగ్గరే వాడు సొమ్మసిల్లాడు. రోగులలో కలిగే మార్పు నిజమే గానీ, దానికి కారణం ద్రవం కాదు, ఊహాశక్తి అని సంఘం తేల్చింది. ఈనాటి శక్తి చికిత్సల గురించి సాగే చర్చ అంతా ఆ రోజు వేసిన ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

మెస్మర్ ద్రవం కొట్టుకుపోయింది గానీ, మాటతో మనసును ఏకాగ్రం చేయవచ్చన్న పరిశీలన నిలిచింది. 1840లలో జేమ్స్ బ్రెయిడ్ అనే వైద్యుడు దానికి హిప్నాటిజం అని పేరు పెట్టాడు. అదే కాలంలో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు, మత్తుమందు ఇంకా రాని రోజుల్లో, మెస్మర్ పద్ధతితో రోగులను నిశ్చేష్టులను చేసి పెద్ద శస్త్రచికిత్సలు చేశాడు. 20వ శతాబ్దం తొలినాళ్ళలో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ ద రోషా హిప్నాటిజంతో మనుషులను పుట్టుకకు ముందటి కాలానికి నడిపే ప్రయోగాలు చేశాడు. అమెరికాలో మోరీ బెర్న్‌స్టీన్ 1952లో ఒక గృహిణిని హిప్నటైజ్ చేస్తే, తాను 19వ శతాబ్దపు ఐర్లాండ్‌లో బ్రైడీ మర్ఫీ అనే స్త్రీగా బతికానని ఆమె చెప్పింది. 1956లో వచ్చిన ఆ పుస్తకం పెద్ద సంచలనం. 1988లో మయామీ మానసిక వైద్యుడు బ్రయన్ వైస్ తన రోగి ఒకరి గత జన్మల కథనాన్ని పుస్తకంగా రాశాక, ఈ పద్ధతి చికిత్స పేరుతో ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 2009 డిసెంబరులో ఒక హిందీ చానల్ ప్రముఖులను కుర్చీలో పడుకోబెట్టి గత జన్మలు చెప్పించే కార్యక్రమం ప్రసారం చేసింది. దానితో ఈ మాట ఇంటింటికీ తెలిసింది.

రిగ్రెషన్ సెషన్ సాధారణంగా 2 నుంచి 3 గంటలు పడుతుంది. మొదటి అరగంట, ఒక్కోసారి గంట, మాటలతోనే గడుస్తుంది. ఎందుకు వచ్చారు, ఏ భయం వేధిస్తోంది, ఇంట్లో ఎవరితో పొసగడం లేదు, ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతారు. బాధ్యత తెలిసినవారు ఈ దశలోనే మానసిక వ్యాధుల చరిత్ర, మూర్ఛ, గుండె జబ్బు, గర్భం గురించి విచారించి, అవసరమైతే సెషన్ వద్దని చెబుతారు. అంగీకార పత్రం మీద సంతకం తీసుకుంటారు. ఇదంతా లేకుండా నేరుగా కళ్ళు మూసుకోమంటే అక్కడే జాగ్రత్త పడాలి.

తర్వాత వెలుతురు తగ్గించి, పరుపు మీద గానీ వాలు కుర్చీలో గానీ పడుకోబెడతారు. కళ్ళు మూసుకుని శ్వాసను గమనించమంటారు. పాదాల నుంచి తల వరకు ఒక్కో భాగాన్ని వదులు చేయమని నెమ్మదైన గొంతుతో చెబుతారు. తెల్లని కాంతి ఒంటినిండా నిండుతోందని ఊహించమంటారు. పది నుంచి ఒకటి వరకు లెక్కపెడుతూ మెట్లు దిగిస్తారు. ఒక తోట, ఆ తోటలో ఒక తలుపు, తలుపు అవతల మరో కాలం. అంతకుముందు చాలామంది థెరపిస్టులు బాల్యంలోని ఒక మంచి రోజును గుర్తు చేయిస్తారు. ఆ తర్వాత గర్భంలో ఉన్నప్పటి అనుభూతిని అడుగుతారు. తలుపు దాటాక ప్రశ్నలు మొదలవుతాయి. కాళ్ళకు ఏమున్నాయి? ఒంటి మీద ఏ బట్టలు? ఆడా, మగా? చుట్టూ ఏముంది? పక్కన ఎవరు? ఆ జీవితంలో ముఖ్యమైన సంఘటనకు వెళ్ళమంటారు. చివరికి మరణ ఘడియకు తీసుకువెళ్తారు. దేహం విడిచి పైనుంచి చూస్తున్నట్టు ఊహించమని, ఆ జన్మలో నేర్చుకున్న పాఠం ఏమిటో చెప్పమని, బాధపెట్టినవారిని క్షమించమని అడుగుతారు. ఒకటి నుంచి అయిదు లెక్కపెట్టి కళ్ళు తెరిపించి, నీళ్ళు ఇచ్చి, చూసినదాని గురించి మాట్లాడతారు.

ఇంత సేపూ మనిషికి స్పృహ ఉంటుంది. బయట ఆటో హారన్, పక్క గదిలో మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా కళ్ళు తెరిచి లేవవచ్చు. వెళ్ళినవారు తిరిగి రాలేక అక్కడే చిక్కుకుపోతారన్న భయానికి ఆధారం లేదు. కనురెప్పలు అదరడం, ఒళ్ళు బరువెక్కడం లేదా తేలిపోతున్నట్టు ఉండడం, కన్నీళ్ళు రావడం మామూలే. గంట గడిచినా పదిహేను నిమిషాలే అనిపిస్తుంది. కొందరికి దృశ్యాలు స్పష్టంగా కనిపిస్తాయి, కొందరికి మాటలు వినిపిస్తాయి, కొందరికి ఉత్త భావమే కలుగుతుంది. ఏమీ కనిపించనివారూ ఉంటారు. హిప్నాటిక్ సూచనకు లోనయ్యే స్వభావం మనిషి మనిషికీ మారుతుంది. చాలా తేలికగా లోనయ్యేవారు కొద్దిమంది, బొత్తిగా లోనుకానివారు కొద్దిమంది, మిగతావారంతా ఈ రెంటి నడుమ. ఏమీ కనిపించకపోవడం లోపం కాదు, పాపం అంతకన్నా కాదు. తానే కల్పించి చెబుతున్నానేమో అన్న సందేహం చాలామందికి మధ్యలో కలుగుతుంది. అప్పుడు థెరపిస్టు ఆలోచించకుండా తోచింది చెప్పమంటాడు. సరిగ్గా అక్కడే ఊహకూ జ్ఞాపకానికీ మధ్య గీత చెరిగిపోతుంది.

ధ్యాన శిబిరాల్లో వందమందిని ఒకేసారి కూర్చోబెట్టి చేయించే సామూహిక రిగ్రెషన్ కూడా ఉంది. ఫోన్‌లో, వీడియో కాల్‌లో చేసేవారూ ఉన్నారు. వీటిలో ఒక్కొక్కరి ఆరోగ్య చరిత్ర అడిగే వీలుండదు. ఎవరికైనా భయం ముంచుకొస్తే వెంటనే పట్టించుకునే మనిషి పక్కన ఉండడు. అందుకే వీటిలో ప్రమాదం ఎక్కువ.

శక్తి చికిత్స సెషన్ ఇంతకన్నా నిరాడంబరం. రేకీని 1922లో జపాన్‌లో మికావో ఉసుయి ప్రారంభించారు. హవాయిలో పుట్టిన హవాయో తకాతా దాన్ని అమెరికాకు తెచ్చారు. రేకీలో బట్టలతోనే బల్ల మీద పడుకోబెట్టి తల, కళ్ళు, గొంతు, ఛాతీకి పైన, పొట్ట, మోకాళ్ళు, పాదాల దగ్గర చేతులను ఒక్కోచోట 3 నుంచి 5 నిమిషాలు ఉంచుతారు. మొత్తం గంట లోపు అయిపోతుంది. ప్రాణిక్ హీలింగ్‌ను ఫిలిప్పీన్స్‌కు చెందిన చోవా కోక్ సుయి రూపొందించారు. దాని గురించి ఆయన తొలి పుస్తకం 1987లో వచ్చింది. ఈ పద్ధతిలో అసలు తాకరు. ఒంటి చుట్టూ ఉందని చెప్పే కాంతి వలయాన్ని అరచేతులతో తడిమినట్టు పరిశీలిస్తారు. చెడు శక్తిని ఊడ్చినట్టు చేతులు కదిపి పక్కనున్న ఉప్పునీళ్ళ గిన్నెలోకి విదిలిస్తారు. తర్వాత మంచి శక్తిని పంపుతున్నట్టు చేయి చాస్తారు. పిరమిడ్ ధ్యాన కేంద్రాలలో చికిత్సకుడి అవసరమే లేదంటారు. చేతులు కలిపి, కళ్ళు మూసుకుని, వయసు ఎన్నేళ్ళయితే అన్ని నిమిషాలు శ్వాసను గమనించమని చెబుతారు.

పడుకున్నవారికి వెచ్చదనం, జలదరింపు, మగత, కడుపులో గడగడ చప్పుడు, ఒక్కోసారి ఏడుపు వస్తాయి. వీటిలో చాలావాటికి శరీర ధర్మాలే కారణం. మరో మనిషి అరచేతికి సహజంగానే వేడి ఉంటుంది. ఒంటిలో ఒక చోట ధ్యాస నిలిపితే అక్కడ జలదరింపు తెలుస్తుంది. కండరాలు సడలి శ్వాస నెమ్మదిస్తే గుండె వేగం తగ్గి, జీర్ణకోశం చురుకవుతుంది. నెలల తరబడి ఎవరూ ఆదరంగా పలకరించని మనిషికి ప్రశాంతమైన గదిలో ఒకరు గంటసేపు పూర్తి శ్రద్ధ పెడితే దుఃఖం పొంగడం సహజం.

చేతులకు ఆ శక్తి నిజంగా తెలుస్తుందా అన్నదాన్ని ఒక చిన్నపిల్ల పరీక్షించింది. అమెరికాలో ఎమిలీ రోజా తన బడి సైన్స్ ప్రాజెక్టు కోసం థెరప్యూటిక్ టచ్ అనే శక్తి చికిత్స చేసే 21 మందిని ఒక తెర వెనుక కూర్చోబెట్టి, తెర కిందుగా రెండు చేతులూ చాచమంది. వాళ్ళ ఏ చేతి మీద తన చేయి ఉందో చెప్పమంది. 280 ప్రయత్నాలలో 123 సార్లు, అంటే 44 శాతమే సరిగా చెప్పారు. నాణెం ఎగరేసి చెప్పినా సగం సరిపోతాయి. ఆ ఫలితం 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది. శక్తి చికిత్సలతో ఆందోళన, నొప్పి కొంత తగ్గినట్టు చెప్పిన పరిశీలనలున్నాయి. కానీ ఆ మేలు చేతిలోంచి ప్రవహించే శక్తి వల్లనా, విశ్రాంతి వల్లనా, నమ్మకం వల్లనా అని విడదీసి చూసినప్పుడు ప్రత్యేకమైన శక్తికి గట్టి ఆధారం దొరకలేదు. క్యాన్సర్ గడ్డను, షుగర్ వ్యాధిని, ఇన్ఫెక్షన్‌ను ఇవి నయం చేస్తాయనడానికి ఏ ఆధారమూ లేదు.

గత జన్మల దృశ్యాల విషయంలోనూ పరిశోధన చెప్పేది స్పష్టంగానే ఉంది. బ్రైడీ మర్ఫీ చెప్పిన పుట్టుక, మరణం, పెళ్ళి వివరాల కోసం ఐర్లాండ్‌లో వెతికితే దాఖలాలు దొరకలేదు. ఆ గృహిణి చిన్నప్పుడు షికాగోలో ఉన్నప్పుడు ఎదురింట్లో ఐర్లాండ్ మూలాలున్న బ్రైడీ మర్ఫీ కార్కెల్ అనే ఆవిడ ఉండేదని పత్రికలవాళ్ళు కనుక్కున్నారు. ఎప్పుడో విన్నది, చదివినది, చూసినది ఎక్కడిదో మరచిపోయి, సొంత అనుభవంగా పైకి రావడం మనసు స్వభావం. రాబర్ట్ బేకర్ అనే మనస్తత్వవేత్త 1982లో 60 మంది విద్యార్థులను మూడు జట్లు చేశాడు. గత జన్మ దర్శనం అద్భుతమైనదని ముందుగా విన్న జట్టులో 85 శాతం మందికి గత జన్మ కనిపించింది. మామూలుగా చెప్పిన జట్టులో 60 శాతం మందికి, అది పిచ్చి మాట అని విన్న జట్టులో 10 శాతం మందికి కనిపించింది. కెనడాలో నికొలస్ స్పానోస్ బృందం 1991లో ప్రచురించిన ప్రయోగాలలోనూ ఇదే తేలింది. ముందుగా చెప్పిన సూచనలను బట్టే దృశ్యాల తీరు మారింది. ఆ కాలపు నాణేలు, పాలకుల వంటి వివరాలు అడిగితే చాలా జవాబులు తప్పాయి.

హిప్నాటిజంలో వచ్చే జ్ఞాపకాలు మామూలు జ్ఞాపకాల కన్నా తక్కువ నమ్మదగినవని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మండలి 1985లోనే చెప్పింది. జ్ఞాపకం మనసులో చెక్కుచెదరకుండా దాచిన పటం కాదు, ప్రతిసారీ దొరికిన పూలతో కొత్తగా పేర్చే బతుకమ్మ లాంటిది. ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో చేసిన ప్రయోగంలో, చిన్నప్పుడు దుకాణాల సముదాయంలో తప్పిపోయారని ఇంటివాళ్ళ పేరుతో ఒక కల్పిత కథ చెబితే, 24 మందిలో సుమారు నాలుగో వంతు మంది అది తమకు జరిగిందనే గుర్తు చేసుకున్నారు. తెలుగు ప్రేక్షకులకు 1964 నాటి మూగమనసులు నుంచి 2009 నాటి మగధీర వరకు పునర్జన్మ కథలు సుపరిచితం. కత్తులు, కోటలు, విడిపోయిన ప్రేమికులు కళ్ళ ముందు మెదిలితే ఆ పూలు ఏ తోటలోవో ఆలోచించాలి.

పునర్జన్మ మీద జీవితమంతా పరిశోధన చేసిన వర్జీనియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఇయాన్ స్టీవెన్సన్ కూడా హిప్నాటిక్ రిగ్రెషన్‌ను నమ్మదగిన మార్గంగా భావించలేదు. ఆయన సేకరించినవి రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలు ఎవరూ అడగకుండానే చెప్పిన మాటలు. బెంగళూరు నిమ్హాన్స్‌లో సత్వంత్ పస్రిచా కూడా అలాంటి పిల్లల మాటలనే పరిశీలించారు. వాటి మీద వాదోపవాదాలు ఇప్పటికీ సాగుతున్నాయి. కాబట్టి పునర్జన్మను విశ్వసించడం ఒకటి, సెషన్‌లో కనిపించిన దృశ్యాన్ని రుజువుగా తీసుకోవడం మరొకటి. మొదటిది ఎవరి విశ్వాసం వారిది, దానికి గౌరవం ఉండాలి. రెండోదానికి ఆధారం కావాలి.

మరి సెషన్ తర్వాత గుండె బరువు దిగిందని చెప్పేవారి మాట అబద్ధమా? కాదు. పొద్దుట్నుంచి రాత్రి దాకా బీడీలు చుట్టే స్త్రీకి, భర్త గల్ఫ్‌కు వెళ్ళి ఏళ్ళు గడిచిన ఇల్లాలికి, చెరుకు ఫ్యాక్టరీ మూతపడి పని పోయిన కార్మికుడికి తన బాధను అడ్డు తగలకుండా రెండు గంటలు వినేవాళ్ళు దొరకడమే అరుదు. బాధకు ఒక కథ దొరికితే మనసుకు పట్టు చిక్కుతుంది. చనిపోయినవారితో మాట్లాడినట్టు, ఒకరిని క్షమించినట్టు ఊహించుకోవడం కూడా ఊరటే. ఆ ఊరట నిజం, దానికి గత జన్మ నిజం కావలసిన పని లేదు. అందుకే దాన్ని ఊరటగానే తీసుకుంటే మేలు. నిర్ధారణగా, చికిత్సగా, తీర్పుగా తీసుకుంటే కీడు మొదలవుతుంది.

ఆ కీడు చాలా రూపాల్లో వస్తుంది. అన్నిటికన్నా పెద్దది మందులు మానేయడం. షుగర్, బీపీ, థైరాయిడ్, మూర్ఛ, మానసిక వ్యాధుల మందులను ఏ హీలర్ మాట మీదా ఆపకూడదు. మందులు మానాక బాధ పెరిగితే, అది లోపలి విషం బయటికి పోతున్న గుర్తు అని కొందరు చెబుతారు. నిజానికి అది జబ్బు ముదురుతున్న సంకేతం కావచ్చు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వ్యాధి, తీవ్రమైన డిప్రెషన్, మూర్ఛ ఉన్నవారు రిగ్రెషన్ జోలికి పోకూడదు. లేని మాటలు వినిపించే మనిషికి గొంతులు వినమని చెప్పడం వ్యాధిని రగిలించడమే. చిన్నతనంలో హింసకు, అత్యాచారానికి గురైనవారిని మరణ దృశ్యాల్లోకి నడిపితే పాత గాయం మళ్ళీ తెరుచుకుంటుంది. పిల్లలకు ఈ సెషన్లు చేయించడం ఏ విధంగానూ తగదు.

నిజామాబాద్ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన సంగతి కల్తీ కల్లు. ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిపిన కల్లుకు అలవాటు పడినవారు ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తుంది, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ కూడా వస్తాయి. దీన్ని గాలి సోకిందని, గత జన్మ శత్రువు వెంటాడుతున్నాడని అనుకుని హీలర్ దగ్గరికి తీసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి మనిషిని ఆ గంటలోనే దవాఖానకు చేర్చాలి. నిద్రమాత్రలు చాలా కాలం వాడినవారికీ ఇదే వర్తిస్తుంది. వాటిని డాక్టరు పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించాలే తప్ప ఒక్కసారిగా ఆపకూడదు.

రెండో కీడు కుటుంబాలను తాకుతుంది. గత జన్మలో అత్త విషం పెట్టిందని, భర్త చంపాడని, తోడికోడలు శత్రువని సెషన్‌లో కనిపిస్తే, ఆ నింద ఈ జన్మలో బతికున్న మనిషి మీద పడుతుంది. ఆ దృశ్యం ఆధారంగా పెళ్ళి, విడాకులు, ఆస్తి పంపకం వంటి నిర్ణయాలు తీసుకోకూడదు. ఈ జన్మలోని కష్టాలకు, ముఖ్యంగా దెబ్బలకు, వేధింపులకు, పాత కర్మే కారణమని చెప్పి స్త్రీని సర్దుకుపొమ్మనడం అన్నిటికన్నా అన్యాయం. హింస ఈ ఇంట్లో జరుగుతున్నప్పుడు పరిష్కారం కూడా ఈ లోకంలో, ఈ చట్టంలోనే ఉంది.

మూడోది డబ్బు. మొదటి సెషన్‌లో ఒక శాపం బయటపడిందని, దాన్ని తొలగించాలంటే మరో పది సెషన్లు కావాలని, రాళ్ళు, యంత్రాలు, పిరమిడ్ బొమ్మలు కొనాలని చెబితే అక్కడితో ఆపేయాలి. రిగ్రెషన్ థెరపిస్టు, రేకీ మాస్టర్ అనే బిరుదులు ప్రైవేటు శిక్షణల పత్రాలతో వచ్చేవి, వైద్య అర్హతలు కావు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి, సైకియాట్రిస్టుకు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ నమోదు ఉండాలి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం క్యాన్సర్, మధుమేహం, మూర్ఛ, పక్షవాతంతో సహా 54 వ్యాధులను నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. మంత్రం, కవచం, తాయెత్తు వంటి వాటితో వ్యాధులు నయమవుతాయన్న ప్రకటనలూ ఈ చట్టం పరిధిలోకి వస్తాయి. అలాంటి ప్రకటన ఇచ్చినవారు చట్టాన్ని అతిక్రమిస్తున్నట్టే.

ఇవన్నీ తెలిసి కూడా వెళ్ళాలనుకునేవారు కొన్ని విషయాలు ముందే తేల్చుకోవాలి. థెరపిస్టు చదువు ఏమిటి, మానసిక వ్యాధుల గురించి ఎంత తెలుసు, ఫీజు మొత్తం ఎంత, ఎన్ని సెషన్లు, మాటలను రికార్డు చేస్తారా, ఆ రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది అని అడగాలి. ఇంటి నుంచి ఒకరిని తోడు తీసుకుపోవాలి. తోడు మనిషి బయట కూర్చోవడానికి వీల్లేదంటే వెనుదిరగాలి. ఈ సెషన్లలో ఎక్కడా బట్టలు తీయవలసిన అవసరం లేదు, అనుమతి లేకుండా తాకే హక్కు ఎవరికీ లేదు. సెషన్ మధ్యలో ఇబ్బంది అనిపిస్తే కళ్ళు తెరిచి ఆపమని చెప్పవచ్చు. అయ్యాక కొంతసేపు కూర్చుని, మగత పూర్తిగా వదిలాకే బండి నడపాలి. ఒకటి రెండు రోజులు మనసు సున్నితంగా ఉండవచ్చు. నిద్ర చెడి, దృశ్యాలు పదేపదే వెంటాడి, భయం వారం దాటినా తగ్గకపోతే మరో సెషన్‌కు కాకుండా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

భయాలకు, నిద్రలేమికి, దుఃఖానికి పరీక్షలో నిలిచిన చికిత్సలున్నాయి. మనస్తత్వవేత్త చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ భయాలకు, ఆందోళనకు మేలు చేస్తుంది. అవసరమైనప్పుడు మందులు తోడవుతాయి. నొప్పి, ఆందోళన తగ్గించడానికి శిక్షణ పొందిన వైద్యులు హిప్నాటిజాన్ని కూడా వాడతారు, అయితే గత జన్మల కోసం కాదు. ధ్యానం, ప్రాణాయామం ఇంట్లోనే చేసుకోవచ్చు, వాటికి ఖర్చు లేదు. నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల దవాఖానలో మానసిక వైద్యం అందుతుంది. మానసిక ఆరోగ్య సేవ పొందడం ప్రతి వ్యక్తి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. దవాఖానకు వెళ్ళడానికి జంకేవారు టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులో కూడా అందుతుంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నవారు, ఇంట్లో అలాంటివారు ఉన్నవారు సెషన్ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేయాలి, లేదా దగ్గరి దవాఖానకు వెళ్ళాలి.